సహరీ వేళ తికమక పెట్టే యాప్: మంచి యాప్ ఎలా తయారవుతుంది, టీమ్‌లో ఎలా పనిచేయాలి?

రంజాన్ నెల, తెల్లవారుజాము. సహరీ ముగియడానికి ఇంకా ఎంత టైమ్ ఉందో చూద్దామని ఇంట్లో దాదీ ఫోన్ తీస్తారు. నమాజ్ టైమింగ్స్ యాప్ నొక్కగానే ముందు ఒక ప్రకటన వస్తుంది. దాన్ని మూసే గుర్తు ఓ మూలన చీమంత ఉంటుంది. నొక్కబోతే వేలు పక్కన పడి షాపింగ్ పేజీ తెరుచుకుంటుంది. ఎలాగో వెనక్కి వస్తే 'లొకేషన్ ఆన్ చేయండి' అంటూ ఇంగ్లీషులో మరో పెట్టె. చివరికి ఆమె ఫోన్ పక్కన పెట్టేసి, "బేటా, టైమ్ ఎంతయిందో చూడు" అని మనవడిని లేపుతారు.

ఆ మనవడు బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదువుతూ ఉండొచ్చు. మన ఇళ్లలో ఇప్పుడు అలాంటి పిల్లలు, ఆడపిల్లలతో సహా, చాలామందే ఉన్నారు. కోడింగ్ వస్తే ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరి నమ్మకం. కోడింగ్ రావాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ దాదీ ఫోన్‌లో ఆ యాప్ ఓడిపోయింది కోడింగ్ రానివాళ్లు చేసినందుకు కాదు. వాడే మనిషిని ఎవరూ అడగకపోవడం వల్ల, చేసినవాళ్లు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోకపోవడం వల్ల. మంచి యాప్ వెనుక ఉండే అసలు నైపుణ్యం వినడం. నమాజ్ టైమింగ్స్ యాప్‌నే ఉదాహరణగా తీసుకుని చూస్తే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

ఎవరి కోసం చేస్తున్నాం?

నలుగురు విద్యార్థులు తమ మొహల్లా మసీదు కోసం యాప్ చేద్దామని కూర్చున్నారనుకుందాం. మొదటి రోజే అన్నీ రాసేసుకుంటారు: ఐదు పూటల సమయాలు, ఖిబ్లా దిక్కు, తస్బీహ్ కౌంటర్, జకాత్ లెక్క, రాత్రి పూట చీకటి రంగు తెర. జాబితా బాగానే ఉంది. అయితే ఇందులో ఒక్కటి కూడా ఎవరినీ అడిగి రాసింది కాదు.

అదే నలుగురూ ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత మసీదు దగ్గర పదిమందితో మాట్లాడితే వేరే సంగతి తెలుస్తుంది. చాలామందికి కావాల్సింది నమాజ్ వేళ ఎప్పుడు మొదలవుతుందన్నది కాదు, తమ మసీదులో జమాత్ ఎన్నింటికి నిలబడుతుందన్నది. వేళ మొదలవడం సూర్యుడి లెక్క. జమాత్ టైమ్ మసీదు కమిటీ నిర్ణయం. అది ఏ ఫార్ములాతోనూ రాదు, ఎవరో ఒకరు ఎక్కించాలి. ఎవరు ఎక్కిస్తారు? బహుశా మౌజన్ సాబ్. అంటే ఈ యాప్‌కు ఇంకో ముఖ్యమైన వాడకందారుడు ఉన్నారన్నమాట. ఆయన ఫోన్‌లో రెండు నొక్కుళ్లలో టైమ్ మార్చే వీలు లేకపోతే, నెల తిరిగేసరికి యాప్‌లో పాత టైమే ఉంటుంది. ఒకటి రెండుసార్లు జమాత్ తప్పిపోయినవాళ్లు యాప్ తీసేస్తారు.

అడగడం అంటే 'మీకు ఏ ఫీచర్లు కావాలి' అని అడగడం కాదు. అలా అడిగితే ఎవరైనా నోటికొచ్చింది చెబుతారు. 'నిన్న ఇషా టైమ్ ఎలా తెలుసుకున్నారు?' అని అడగాలి. గోడ మీది క్యాలెండర్ చూశానని ఒకరంటారు, పక్కింటివాళ్లను అడిగానని ఇంకొకరంటారు. యాప్ పోటీ పడాల్సింది వేరే యాప్‌తో కాదు, ఆ గోడ క్యాలెండర్‌తోనే అని అప్పుడు అర్థమవుతుంది. క్యాలెండర్‌కు ప్రకటనలు అడ్డం రావు, లాగిన్ అక్కర్లేదు.

లెక్క సరైనదే, కానీ ఎవరి లెక్క?

నమాజ్ వేళలు లెక్కగట్టే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. వాటిని తెచ్చి పెట్టుకుంటే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ఫజర్ వేళ మొదలయ్యేది సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల కింద ఉన్నప్పుడు అన్నదానిలో వేర్వేరు పద్ధతులున్నాయి. మన ఉపఖండంలో ఎక్కువగా వాడే కరాచీ పద్ధతిలో అది 18 డిగ్రీలు. ఉత్తర అమెరికాలో పేరున్న ఇస్నా పద్ధతిలో 15 డిగ్రీలు. హైదరాబాద్ దగ్గర ఈ 3 డిగ్రీల తేడా అంటే గడియారంలో సుమారు 12 నిమిషాలు. యాప్ చేసినవాళ్లు తెలియక అమెరికా పద్ధతినే వదిలేస్తే, సహరీ ముగిసిపోయాక కూడా ఇంకా టైమ్ ఉందని అది చూపిస్తుంది. కోడ్‌లో ఒక్క తప్పూ లేకుండానే రోజా మీద సందేహం తెచ్చిపెడుతుంది.

అసర్ కూడా అంతే. హనఫీ పద్ధతికీ షాఫయీ పద్ధతికీ మధ్య కాలాన్ని బట్టి ముప్పావు గంట నుంచి గంటకు పైగా తేడా వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది హనఫీలే. కానీ హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలు షాఫయీ పద్ధతి పాటిస్తాయి. ఇక హిజ్రీ తేదీ. సౌదీ క్యాలెండర్‌ను నేరుగా తీసుకుంటే మన దగ్గర తరచూ ఒక రోజు తేడా వస్తుంది, ఎందుకంటే ఇక్కడ చాంద్ కనబడటాన్ని బట్టి తేదీ నిర్ణయిస్తారు. తేదీని ఒక రోజు ముందుకో వెనక్కో జరుపుకునే వీలు యాప్‌లో ఉండాలి.

ఇవేవీ కంప్యూటర్ సైన్స్ పుస్తకంలో ఉండవు. ఇమామ్ సాబ్ దగ్గర అరగంట కూర్చుంటే తెలుస్తాయి. బ్యాంక్ యాప్ చేసేవాళ్లు క్యాషియర్‌ను, ఆసుపత్రి యాప్ చేసేవాళ్లు నర్సును అడగాల్సింది కూడా ఇందుకే.

వేలు, కన్ను, భాష

తెర మీద గుర్తులు ఎంత పెద్దగా ఉండాలన్నది ఇష్టానికి వదిలేసే విషయం కాదు. నొక్కే చోటు కనీసం 48 యూనిట్లు ఉండాలని గూగుల్ ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు, 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ మార్గదర్శకాలు చెబుతాయి. ఇంచుమించు బొటనవేలు తేలిగ్గా పడేంత చోటు. అక్షరానికీ వెనుక రంగుకీ మధ్య కాంతి తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు అంటాయి. తెల్లటి తెర మీద లేత బూడిద రంగు అక్షరాలు డిజైనర్ కంప్యూటర్‌లో అందంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో, అరవై ఏళ్ల కళ్లకు, అవి అసలు కనిపించవు.

భాష దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇంగ్లీషులో చిన్న మాట తెలుగులోకి వచ్చేసరికి పొడవవుతుంది, బటన్‌లో పట్టదు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. వరుసల మధ్య చోటు ఇంగ్లీషుకు సరిపోయినంతే ఇస్తే వత్తులు తెగిపోతాయి. ఉర్దూ నస్తలీఖ్ అయితే పై నుంచి కిందికి వాలుతూ సాగే రాత, దానికి ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. నస్తలీఖ్ కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో నస్తలీఖ్ ఉర్దూ లాంటి ఫాంట్లున్నా, అరబీ నస్ఖ్ ఫాంట్‌తోనే సరిపెట్టే యాప్‌లు కనిపిస్తుంటాయి. చదవొచ్చు, కానీ ఉర్దూ పత్రికకు అలవాటుపడ్డ కళ్లకు అది పరాయిగా ఉంటుంది.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది కాబట్టి తెర మొత్తం తిరగాలి. మెనూ కుడివైపుకు రావాలి, వెనక్కి వెళ్లే బాణం కూడా దిక్కు మార్చుకోవాలి. ఫోన్ నంబర్లు మాత్రం అలాగే ఉండాలి. ఆండ్రాయిడ్‌లో ఈ సౌకర్యం 2012లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచే ఉంది. మొదటి రోజు నుంచి దీన్ని దృష్టిలో పెట్టుకుంటే తేలిక. అంతా అయ్యాక 'ఇప్పుడు ఉర్దూ పెడదాం' అంటే సగం తెరలు మళ్లీ చేయాల్సిందే.

మళ్లీ మళ్లీ తెరవాలా, అవసరానికి ఆదుకోవాలా?

యాప్ ఆకట్టుకోవాలి అనగానే చాలామందికి గుర్తొచ్చేవి నోటిఫికేషన్లు, పాయింట్లు, బ్యాడ్జీలు. వీడియోల యాప్ మనిషిని ఎంతసేపు పట్టి ఉంచితే అంత లాభం. నమాజ్ యాప్ విలువ దానికి తలకిందులు. తెరిచిన రెండు సెకన్లలో సమాచారం ఇచ్చి, మనిషిని నమాజ్‌కు వదిలేయాలి. సరిగ్గా ఆ పని చేస్తుందన్న నమ్మకమే అతన్ని రేపు మళ్లీ తెరిపిస్తుంది.

వేగం గురించి జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 1993లో ఇచ్చిన కొలతలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నొక్కిన 0.1 సెకనులో స్పందిస్తే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది. 1 సెకను దాటితే ఆలోచనకు అడ్డు తగులుతుంది. 10 సెకన్లు దాటితే మనిషి ధ్యాస వేరే దాని మీదికి పోతుంది. నమాజ్ వేళలను ఫోనే లెక్కగట్టగలదు కాబట్టి ఇంటర్నెట్ లేకున్నా అవి కనిపించాలి. నెట్ కోసం తిరిగే చక్రం చూపించడానికి ఇక్కడ ఏ కారణమూ లేదు.

అజాన్ మోగకపోవడం ఇంకో పెద్ద ఫిర్యాదు. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ 2015 నుంచి వాడని యాప్‌లను నిద్రపుచ్చుతోంది. కొన్ని కంపెనీల ఫోన్లు ఇంకా గట్టిగా ఆపేస్తాయి. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు ముందుగా అనుమతి అడగాలి. డెవలపర్ చేతిలోని ఖరీదైన ఫోన్‌లో మోగిన అజాన్, అమ్మీ చేతిలోని తొమ్మిది వేల ఫోన్‌లో మోగకపోవచ్చు. అందుకే పరీక్షించాల్సింది జనం వాడే ఫోన్లలో.

లొకేషన్ ఒక అమానత్

2020 నవంబర్‌లో అమెరికా వార్తా సంస్థ మదర్‌బోర్డ్ ఒక కథనం ప్రచురించింది. మొబైల్ యాప్‌ల నుంచి లొకేషన్ సమాచారం సేకరించే ఎక్స్-మోడ్ అనే సంస్థ, దాన్ని అమెరికా సైన్యంతో సంబంధమున్న కాంట్రాక్టర్లకు అమ్మిందని, అలా సమాచారం వెళ్లిన యాప్‌లలో ప్రపంచవ్యాప్తంగా కోట్లమంది వాడే ముస్లిం ప్రో కూడా ఉందని అందులో వెల్లడించింది. తాము సైన్యానికి సమాచారం అమ్మామన్న మాట నిజం కాదని ముస్లిం ప్రో ఖండించింది. ఎక్స్-మోడ్‌తో సంబంధాలు తెంచుకున్నట్టు ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, సున్నితమైన లొకేషన్ సమాచారం అమ్మకుండా ఎక్స్-మోడ్ వారసు సంస్థను కట్టడి చేసింది.

ఖిబ్లా చూసుకోవడానికి ఇచ్చిన అనుమతి, ఫలానా మనిషి ఏ మసీదుకు ఎప్పుడు వెళ్తాడో ఎవరికో తెలిసే దారి అయింది. నమ్మకం ఒకసారి పోతే ఎంత అందమైన డిజైన్ అయినా దాన్ని తిరిగి తేలేదు.

విచిత్రమేమిటంటే, నమాజ్ వేళలకు అంత కచ్చితమైన లొకేషన్ అవసరమే లేదు. మన ప్రాంతంలో తూర్పు పడమరలుగా సుమారు 25 కిలోమీటర్లు జరిగితే వచ్చే తేడా ఒక్క నిమిషం. ఊరి పేరు ఎంచుకుంటే చాలు. ఐఫోన్లలో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి సుమారు లొకేషన్ మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉంది. అవసరం లేనిది అడగకపోవడం మంచి డిజైన్‌లో మొదటి నియమం. వ్యక్తిగత సమాచార రక్షణకు భారత్ 2023లో చేసిన చట్టం కూడా, చెప్పిన పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలంటుంది. మన భాషలో ఒక్క మాట సరిపోతుంది: అమానత్.

తెర మీద కనిపించేది టీమ్ ముఖమే

లొకేషన్ సంగతి కోడ్ రాసినవాళ్లకు తెలిసినా, ప్రకటనలు చూసేవాళ్లకు తెలియకపోవచ్చు. యాప్ ఒక్కరి పని కాకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఏం చేయాలో, ఏది ముందు చేయాలో నిర్ణయించేవారు ఒకరు. తెరలు గీసేవారు ఇంకొకరు. కనిపించే భాగం కొందరు రాస్తారు, వెనుక సర్వర్ భాగం మరికొందరు. తప్పులు వెతికే టెస్టర్ వేరే. వీళ్ల మధ్య మాట ఎక్కడ తెగితే యాప్ అక్కడే తెగుతుంది.

మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1968లోనే ఈ మాట చెప్పాడు: ఏ సంస్థ తయారుచేసే వ్యవస్థ అయినా ఆ సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుంది. దీన్నే కాన్వే సూత్రం అంటారు. రెండు టీమ్‌లు మాట్లాడుకోకపోతే, వాళ్లు చేసిన రెండు తెరలూ ఒక యాప్‌లో ఉన్నట్టు అనిపించవు.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైట్. 2013 అక్టోబర్ 1న అది మొదలైంది. దాన్ని చాలా కాంట్రాక్టు కంపెనీలు ముక్కలు ముక్కలుగా చేశాయి. ముక్కలన్నీ కలిపి మొదటి నుంచి చివరి వరకు తగినంతగా పరీక్షించలేదు. మొత్తం బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు. పైగా బీమా పథకాలు చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందే అన్న నిబంధన. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది కేవలం ఆరుగురు. తర్వాత అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి, రోజూ సమస్యలు దాచకుండా చెప్పించి, వారాల పాటు శ్రమించి దాన్ని నిలబెట్టారు. ప్రతిభ మొదటి నుంచీ ఉంది, లేనిది మాటామంతీ.

టీమ్‌లో మష్వరా

ముఖ్యమైన పనికి ముందు మష్వరా చేయడం మన ఇళ్లలో కొత్త కాదు. ఖుర్ఆన్‌లో ఒక సూరా పేరే అష్-షూరా, సంప్రదింపు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు ఇదే పనిని ఒక పద్ధతిలో పెట్టుకున్నాయి. ఎక్కువ కంపెనీలు వాడే స్క్రమ్ పద్ధతిలో పనిని నెలకు మించని విడతలుగా చేస్తారు. రోజూ 15 నిమిషాలకు మించని చిన్న మీటింగ్ ఉంటుంది. నిన్న ఏమైంది, ఇవాళ ఏం చేయాలి, ఎక్కడ ఆగింది అన్నది అక్కడ తేలుతుంది. విడత చివర, ఏది బాగా జరిగింది, ఏది మార్చుకోవాలి అని అందరూ కలిసి మాట్లాడుకుంటారు.

కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువగా తడబడేది 'ఎక్కడ ఆగింది' అన్న దగ్గరే. రాలేదంటే పరువు పోతుందేమోనని మూడు రోజులు ఒక్కరే కుస్తీ పడతారు. నాలుగో రోజు అందరి పని ఆగుతుంది. గంటా రెండు గంటలు సొంతంగా ప్రయత్నించి, ఏం చేశారో చెప్పి సాయం అడిగితే ఎవరూ తక్కువగా చూడరు. 'ఇన్షా అల్లాహ్, రేపటికి అయిపోతుంది' అనే మాట కూడా చేసి చూపించే ఉద్దేశంతోనే అనాలి, తప్పించుకోవడానికి కాదు.

రెండో పరీక్ష కోడ్ రివ్యూ. ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చదివి సూచనలు చేశాకే అసలు యాప్‌లో కలుపుతారు. దీనికి ఎక్కువమంది వాడే సాధనం గిట్, లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసింది. సూచన కోడ్ మీద ఉండాలి, మనిషి మీద కాదు. 'ఇది తప్పు' అనడం కంటే 'నెట్ లేనప్పుడు ఇక్కడ ఏం జరుగుతుంది?' అని అడిగితే పని ముందుకు సాగుతుంది. సూచన అందుకునేవారు కూడా అవమానంగా తీసుకోకూడదు.

ముందుగా చెప్పడం కూడా టీమ్‌వర్కే. జుమా టైమ్‌ను ఆఫీసు క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోవచ్చు. రంజాన్‌లో ఇక్కడ ఇఫ్తార్ వేళ అంటే న్యూయార్క్‌లో ఉదయం, సరిగ్గా క్లయింట్ కాల్స్ మొదలయ్యే టైమ్. నెల మొదట్లోనే మేనేజర్‌కు చెబితే చాలాచోట్ల కాల్ అరగంట జరుపుతారు. చెప్పకుండా మాయమైతే అది అలవాటుగా కనిపిస్తుంది.

ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు

ఇవన్నీ నేర్చుకోవడానికి పెద్ద కంపెనీ, ఖరీదైన కోర్సు అవసరం లేదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక చిన్న నిజమైన సమస్య తీసుకుంటే చాలు: మసీదు జమాత్ టైమింగ్స్, మదర్సా హాజరు, అబ్బా కిరాణా షాపు ఖాతా పుస్తకం. ముందు తెరలను కాగితం మీద గీసి చూపించాలి. కాగితం మీద తప్పు దిద్దడానికి రబ్బరు చాలు, కోడ్‌లో దిద్దడానికి వారం పడుతుంది.

తర్వాత ఐదుగురి చేతికివ్వాలి. పెద్ద లోపాల్లో ఎక్కువ భాగం ఐదుగురితోనే బయటపడతాయని నీల్సన్ 2000లో రాశారు. ఒకేసారి పదిహేను మందితో చూపించేకంటే, ఐదుగురికి చూపించి, దిద్ది, మళ్లీ ఐదుగురికి చూపించడం మేలన్నది ఆయన సలహా. ఆ ఐదుగురిలో ఒక పెద్దవారు, ఇంగ్లీషు చదవనివారు ఒకరు తప్పక ఉండాలి. పని చెప్పి ఊరుకోవాలి: 'రేపటి ఫజర్ జమాత్ టైమ్ చూడండి' అని. మధ్యలో 'అక్కడ కాదు, ఇక్కడ నొక్కండి' అనకూడదు. వాళ్లు ఎక్కడ ఆగారో రాసుకోవాలి. ఆగిన ప్రతిచోటా తప్పు యాప్‌ది, వాళ్లది కాదు.

క్యాంపస్ ఇంటర్వ్యూల్లో 'టీమ్‌లో అభిప్రాయ భేదం వస్తే ఏం చేశారు?' అన్న ప్రశ్న తరచూ వస్తుంది. నిజంగా నలుగురితో కలిసి ఇలాంటి పని చేసినవారికి చెప్పడానికి నిజమైన సంగతి ఉంటుంది.

తల్లిదండ్రులు కూడా ఇందులో సాయం చేయొచ్చు. ఎన్ని మార్కులొచ్చాయని అడిగినట్టే, "నువ్వు చేసింది నాకు చూపించు బేటా" అని అడగాలి. చూసి, అర్థం కాకపోతే అర్థం కాలేదని మొహమాటం లేకుండా చెప్పాలి. దాదీ తన ఫోన్‌లో సహరీ టైమ్ ఎవరినీ లేపకుండా చూసుకోగలిగిన రోజు, ఆ మనవడికి పని వచ్చినట్టు.